కువైట్ నుంచి అమలాపురంలో ఇంటి లోను

నేను కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమలాపురం దగ్గర ఇల్లు కొనడానికి లోను అడిగితే, జీతం కాగితాలకు బ్యాంకు ఏ పేచీ పెట్టలేదు. పవర్ ఆఫ్ అటార్నీ (నా బదులు సంతకాలు పెట్టే అధికారం వేరొకరికి ఇచ్చే పత్రం) దగ్గరే ఆగింది. పొలం పనుల కోసం నాన్నగారికి ఎప్పుడో రాసిచ్చినది ఉంది కానీ, లోను తీసుకోవడం, తనఖా పెట్టడం అందులో లేవని తిప్పి పంపారు. అమ్మేవాళ్లేమో తొందరపెడుతున్నారు. ఒకటే టెన్షన్.

కొత్త పత్రానికి బ్యాంకు వాళ్ల నమూనానే తెప్పించుకున్నాను. సర్వే నంబరు, నాలుగు హద్దులు, లోను సంతకాలు, తనఖా, రిజిస్ట్రేషన్ అన్నీ విడివిడిగా రాయించి, ఇక్కడి భారత రాయబార కార్యాలయంలో అధికారి ఎదుట సంతకం పెట్టాను. ఒరిజినల్ కొరియర్‌లో పంపాను. విదేశంలో రాసిన పత్రానికి అది ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. నాన్నగారు ఆ వారమే కట్టేశారు.

మన కోనసీమ వాళ్లు మరీ చూసుకోవాల్సింది ఇంకోటి. ఎన్నారైలు ఇల్లు కొనొచ్చు గానీ, వ్యవసాయ భూమి, తోట కొనడానికి ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. ఈ ఇంటి పెరట్లోంచి కాలవ గట్టు దాకా ఉన్న కొబ్బరితోట కూడా అదే బేరంలో ఉంది. దాన్ని తీసేసి, ఇల్లు, ఇంటిస్థలం వరకే దస్తావేజు రాయించాం. చెట్లన్నీ మంచి కాపు మీదున్నాయి, నాన్నగారికి మనసొప్పలేదు. అయినా అదే సరైన పని.

లోను మంజూరైంది. వాయిదా ప్రతి నెలా, విదేశీ సంపాదన ఇండియాలో దాచుకునే నా ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచే కట్ అవుతోంది.