పాత అంబాసిడర్ స్టార్ట్ కాకపోతే ముందు పాయింట్లు చూడండి

నెలల తరబడి షెడ్డులో ఉన్న పాత పెట్రోల్ అంబాసిడర్‌కి సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తిరుగుతుంది గానీ అందుకోదు. చాలామంది వెంటనే కార్బ్యురేటర్ విప్పేస్తారు. తొందరపడొద్దు. ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలో ఉన్న లావుపాటి వైరు ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, దాని కొసను ఇంజిన్ ఇనుముకి అర సెంటీమీటరు దూరంలో ఉంచి, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించండి. బండి న్యూట్రల్‌లో ఉండాలి. చుట్టుపక్కల పెట్రోలు తడి, వాసన ఉంటే మాత్రం ఈ పని అసలు చెయ్యొద్దు. నీలం రంగు స్పార్క్ టక్ టక్ మని దూకాలి.

స్పార్క్ లేకపోయినా, పసుపుగా నీరసంగా ఉన్నా పాయింట్లనే, అంటే డిస్ట్రిబ్యూటర్ మూత కింద తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే చిన్న లోహపు మొనల్నే, అనుమానించాలి. వాడకుండా ఉంచిన బండికి వాటి మీద బూడిదరంగు పొర కడుతుంది, కరెంటు పారదు. సన్న ఎమరీ పేపరు ముక్క మధ్యలో పెట్టి రెండుమూడుసార్లు లాగి, శుభ్రమైన గుడ్డతో తుడవండి. పాయింట్లు పూర్తిగా తెరుచుకునే చోటికి ఇంజిన్ తిప్పి, ఫీలర్ గేజితో (సందు కొలిచే పలచటి రేకులు) వాటి మధ్య గ్యాప్ 0.4 మి.మీ. పెట్టండి. గేజి లేదని విజిటింగ్ కార్డుతో సరిపెట్టేవాళ్లున్నారు, ఇల్లు చేరడానికైతే సరే.

స్పార్క్ బాగుంటే అప్పుడు పెట్రోలు సంగతి. కార్బ్యురేటర్ గిన్నెలోది ఆవిరైపోయి ఉంటుంది. పంపుకి చేతి లివరు ఉంటే అది వదులుగా ఆడేదాకా కొట్టి, చోక్ లాగి స్టార్ట్ చేయండి.