జనాభా లెక్కలవారు “ఏం పని చేస్తారమ్మా?” అని అడిగితే రైతు ఇంటి ఆడవారు ఏం చెప్పాలి

జనాభా లెక్కలకు వచ్చిన ఉద్యోగి “మీరేం పని చేస్తారమ్మా?” అని అడిగితే, తెల్లవారుజామున గేదెల పాలు పితికి, పగలంతా చేలో కలుపు తీసి వచ్చిన ఇల్లాలు కూడా “ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను” అనేస్తుంది; చాలా ఇళ్లలో ఆ మాట ఆమెకు బదులు భర్తే చెబుతాడు. దాంతో ఆమె పని చేయనివారి జాబితాలో చేరిపోతుంది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించిన జనగణనలో అలా జరగకూడదంటే, లెక్కల దృష్టిలో పని అంటే ఏమిటో ముందుగా తెలుసుకోవాలి.

డబ్బు చేతికి వస్తేనే పని అన్న నియమం జనగణనలో లేదు. 2011 లెక్కల నిర్వచనం ప్రకారం సొంత పొలంలోనో, ఇంటివారి దుకాణంలోనో కూలి తీసుకోకుండా చేసిన శ్రమ కూడా పనే. ఇంటి అవసరానికి మాత్రమే పంట పండించుకునేవారు, పాడి చేసుకునేవారు కూడా పనివారే. వంట, పిల్లల పెంపకం, ఇంటి చాకిరీ మాత్రం ఈ లెక్కకు రావు. అది అన్యాయమనే నా అభిప్రాయం. అయినా లెక్కకు వచ్చే పనినైనా రాయించుకోకపోతే నష్టం రెండింతలవుతుంది.

2011లో అడిగింది ఆ రోజు పని గురించి కాదు, అంతకు ముందు గడిచిన ఏడాది గురించి. ఆ ఏడాదిలో 6 నెలలు, అంతకు మించి పని చేసినవారిని ప్రధాన శ్రామికులుగా, తక్కువ చేసినవారిని వేరే వర్గంగా రాశారు. కాబట్టి నాట్లు, కలుపు, కోతలు, పత్తి తీత, ఉపాధి హామీ పని ఏ నెలల్లో చేశారో పంటల వారీగా గుర్తు చేసుకుని కూడుకోండి. పాడి ఉన్న ఇంట్లో పశువుల పని ఏడాది పొడవునా ఉంటుంది కనుక దానిని మరువకండి.

తరువాత, ఎవరి పొలంలో చేశారో స్పష్టంగా చెప్పాలి. పట్టాదారు పాసు పుస్తకం భర్త పేరున ఉన్నా, కుటుంబం సాగు చేసే భూమిలో పని చేసే స్త్రీ సాగుదారే. డబ్బుకో పంటలో వాటాకో కౌలుకు తీసుకున్న భూమికీ ఇదే వర్తిస్తుంది. ఇతరుల చేలో కూలికి వెళితే వ్యవసాయ కూలీ అవుతారు. రెండూ చేస్తే, ఎక్కువ కాలం చేసినదాన్ని ముందు చెప్పి రెండోదాన్ని కూడా చెప్పండి. “మా రెండెకరాల్లో వరి, పత్తి పనులు నేనూ చేస్తాను, ఖాళీ రోజుల్లో కూలికి వెళతాను” అంటే చాలు.

చేనేత ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. పోచంపల్లి చీరకు ఆసు పోసే పని, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పే పని, ఎక్కువగా ఆడవారిదే. తల్లి భుజాల నొప్పి చూడలేకనే చేనేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేసి దానికి ఆమె పేరు పెట్టారు. అంతటి శ్రమ చేసేవారు “మగ్గం మా ఆయనది” అని ఊరుకోకుండా, ఆసు పోస్తామని, నూలు కండెలు చుడతామని చెప్పాలి.

పని ఉందని చెబితే రేషన్ కార్డో పింఛనో పోతుందన్న భయంతో దాచవద్దు. 1948 జనగణన చట్టం ప్రకారం వ్యక్తిగత వివరాలు గోప్యంగా ఉంటాయి. ఈసారి కుటుంబమే ఆన్‌లైన్‌లో వివరాలు నింపుకునే వీలుంది కాబట్టి, కొడుకో మనవడో ఫోనులో నింపుతుంటే పక్కనే కూర్చుని, మీ పేరు ఎదురుగా పని గురించి ఏమి పెట్టాడో పంపించే ముందు చదివించుకుని వినండి.