గొంతెత్తడం వేరు, గొంతు పెంచడం వేరు: ఇంగ్లిష్‌లో సరైన క్రియ ఎలా ఎంచుకోవాలి?

మొన్నొక ఆదివారం మర్రిగూడ వైపు నుంచి ఒకామె అర్జీ పట్టుకొని వచ్చింది. తెలుగు కాపీ కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణిలో ఇవ్వడానికి, ఇంగ్లిష్ కాపీ ఢిల్లీకి పంపడానికి. ఇంగ్లిష్‌ది వాళ్ల అబ్బాయి రాశాడు. రెండో పేరాలో 'వియ్ రెయిజ్డ్ అవర్ వాయిస్ ఎట్ ద ఇంజనీర్' అని ఉంది.

"ఇంజనీరు మీద ఒర్రిండ్రా అమ్మా?" అని అడిగాను.

"అయ్యో, లేదు సార్. బోరు నీళ్లు తాగలేకపోతున్నమని మర్యాదగనే చెప్పినం" అంది.

ఆ వాక్యం మాత్రం ఒర్రారనే, అంటే అరిచారనే చెప్తోంది. నల్లగొండలో ఏళ్ల తరబడి ఇంగ్లిష్ చెప్తున్నాను. ఈ ఒక్క తప్పును ఎన్ని అర్జీల్లో, ఎన్ని ఇంటర్వ్యూ జవాబుల్లో దిద్దానో లెక్కలేదు. అందుకే పద్ధతిగా రాస్తున్నాను.

కావలసినవి: నోటుబుక్కు, పెన్సిలు, ఉదాహరణ వాక్యాలున్న ఇంగ్లిష్-ఇంగ్లిష్ డిక్షనరీ. పెన్ను వాడొద్దు, క్రియ రెండు మూడుసార్లు మారుతుంది. ఫోను పక్క గదిలో పెట్టండి.

మొదటి మెట్టు. జరిగింది మీ ఇంటి మాటల్లోనే తెలుగులో రాసుకోండి. ఒర్రాడా, గొణిగాడా, సణిగాడా? ఒర్రితే 'యెల్', గొణిగితే 'మట్టర్', సణిగితే 'గ్రంబుల్'. భయంతోనో నొప్పితోనో కేక పెడితే 'స్క్రీమ్'. 'ఎంత మొత్తుకున్నా వినలే' అన్నదానికి ఒక్క మాట వెతకొద్దు; 'వియ్ కెప్ట్ టెల్లింగ్ దెమ్' అని విప్పి రాయాలి.

రెండో మెట్టు. వినే మనిషి వాక్యంలో ఉన్నాడా చూడండి. ఉంటే 'టెల్', ఆ వెంటనే ఆ మనిషి: 'హి టోల్డ్ మి దట్'. లేకపోతే 'సే'. 'హి టోల్డ్ దట్' రాయకూడదు. 'ఎక్స్‌ప్లెయిన్ మి' కాదు, 'ఎక్స్‌ప్లెయిన్ టు మి'. 'డిస్కస్' పక్కన 'అబౌట్' పెట్టొద్దు. మన 'గురించి' అలవాటుగా వచ్చి అక్కడ కూర్చుంటుంది, కొట్టేయండి.

మూడో మెట్టు దగ్గర నెమ్మదించాలి. పని చెడేది ఇక్కడే.

తెలుగులో గొంతెత్తడం గౌరవమైన మాట. అన్యాయం జరిగితే గొంతెత్తాలి అంటాం. గొంతు పెంచడం అంటే మాత్రం కోపంతో స్వరం హెచ్చించడం. 'నా మీద గొంతు పెంచకు' అంటాం కదా, ఇంగ్లిష్‌లో 'రెయిజ్ వన్స్ వాయిస్' మామూలుగా అదే. మన పిల్లలు ఎత్తడానికి 'రెయిజ్', గొంతుకు 'వాయిస్' అని అతికించేసరికి మర్యాద కాస్తా తగాదా అవుతుంది.

'అగెనెస్ట్' చేర్చి అన్యాయానికి ఎదురుగా 'రెయిజ్ అవర్ వాయిసెస్' అంటే నిరసన అర్థం వస్తుంది, అది తప్పు కాదు. 'ఎట్' వచ్చి పక్కన మనిషి నిలబడితే మాత్రం తిట్టినట్టే. నేను అర్జీల్లో ఆ మాటే రానివ్వను. మీరూ రానివ్వకండి.

మరి గొంతెత్తడానికి ఏం వాడాలి? భయమున్నా బయటపడి నలుగురి ముందు చెప్తే 'స్పీక్ అవుట్'. 1996 లోక్‌సభ ఎన్నికలు గుర్తు చేసుకోండి. ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి తెలియాలని నల్లగొండ బరిలో 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. నామినేషన్ వేయడానికి ఎవరూ అరవనక్కర్లేదు. అది 'స్పీకింగ్ అవుట్'. దాన్ని 'రెయిజింగ్ వాయిస్' అని రాస్తే ఆ పోరాటం చిన్నదైపోతుంది, నాకు బాధేస్తుంది.

'స్పీక్ అప్' వేరు. సభలో ఊరుకోకుండా మాట్లాడటం ఒక అర్థం, వినబడేలా గట్టిగా మాట్లాడటం ఇంకో అర్థం. ఇంటర్వ్యూలో 'స్పీక్ అప్, ప్లీజ్' అంటే కసురుకున్నట్టు కాదు, కొంచెం గట్టిగా చెప్పమని. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఆ మాటకే బెదిరి నోరు మూసుకొని వచ్చేసింది.

'షౌట్' పక్కన 'టు' ఉంటే దూరంగా ఉన్నవాణ్ని కేకేసి పిలవడం, 'ఎట్' ఉంటే వాడి మీద అరవడం. బంతి మనిషికి విసరడానికి 'టు', కుక్క మీదికి రాయి విసరడానికి 'ఎట్'. ఇలా గుర్తుపెట్టుకుంటే మరిచిపోరు.

ఇంకొకటి, 'రెయిజ్' బదులు 'రైజ్' రాస్తున్నారు. పెరిగింది, పెంచాడు అనే తేడా తెలుగులో మీకు పుట్టుకతో వచ్చింది. తనంత తాను పెరిగితే 'రైజ్', మీరు పెంచితే 'రెయిజ్'. లేవడం, లేపడం కూడా అంతే.

నెల రోజుల్లో వేయి పదాలు అని కాగితం చేతిలో పెట్టి బట్టీ పట్టించేవాళ్లున్నారు. ఆ జాబితాలో 'షౌట్: అరుచు' అని మాత్రమే ఉంటుంది. పక్కన 'ఎట్' వస్తుందో 'టు' వస్తుందో ఉండదు. క్రియను ఒంటరిగా నేర్వకూడదు, దాని పక్కన నిలబడే మాటతో కలిపి నేర్వాలి. వారానికి పది వాక్యాలు చాలు, పైకి చదవాలి.

నాలుగో మెట్టు, అభిప్రాయం చెప్పే మాటలు. 'ఒపైన్' వాడొద్దు. లాటిన్‌లో అనుకోవడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది, అర్థం తప్పు కాదు, కానీ అర్జీలో మరీ డాంబికంగా వినిపిస్తుంది. 'థింక్' చాలు. 'వాయిస్' క్రియగా బాగుంటుంది: ఆందోళన, వ్యతిరేకత తెలియజెప్పడానికి 'వాయిస్డ్ దేర్ కన్సర్న్' అనొచ్చు. 'క్లెయిమ్' మీ గురించి మీరు రాసుకోవద్దు. రుజువు లేకుండా అంటున్నాడన్న అనుమానం అందులో ఉంటుంది. 'అలెజ్' తప్పు మోపినప్పుడే.

చివరగా, రాసింది ఇంట్లో ఒకరికి వినిపించి తెలుగులో తిరిగి చెప్పమనండి. ఆమె అర్జీని వాళ్ల అబ్బాయితోనే దిద్దించాను. పెన్సిలుతో కొట్టేసి 'వియ్ టోల్డ్ ద ఇంజనీర్ దట్ వియ్ కాంట్ డ్రింక్ ద బోర్‌వెల్ వాటర్' అని రాశాడు. అర్థం తెలుగులో చెప్పించాను. "గిదే సార్, మేం చెప్పింది గిదే" అంది.