సెస్నా 172 కాక్‌పిట్‌ను ఇంట్లో ఎలా కట్టుకోవాలి? పనిచేసే స్విచ్‌లు, కదిలే ముళ్ళతో సహా

కంప్యూటర్‌లోని ఫ్లైట్ సిమ్యులేటర్‌లో తెర మీది స్విచ్‌ను మౌస్‌తో నొక్కి విమానం నడిపినప్పుడు కంటికి పని ఉంటుంది గాని చేతికి ఏమీ అలవాటు కాదు. అసలు విమానంలో పైలట్ చూపు బయట రన్‌వే మీద ఉండగానే చెయ్యి తనంతట తాను ఫ్లాప్స్ మీట దగ్గరకు వెళ్తుంది. ఇంట్లో కాక్‌పిట్ కట్టుకోవడం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఆ అలవాటే. అందుచేత కింద చెప్పే ప్రతి దశలోనూ నేను అందం కన్నా కొలతకే ఎక్కువ విలువ ఇచ్చాను: స్విచ్ ఉండవలసిన చోట ఉండాలి, పడవలసిన దిక్కుకే పడాలి, దాని ఫలితం సిమ్యులేటర్‌లో వెంటనే కనిపించాలి.

ఖరీదైన యంత్రాలు లేనిదే ఇది సాధ్యం కాదని భయపడనవసరం లేదు. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ 1929 నాటికి తయారుచేసిన శిక్షణ యంత్రం కదిలింది తన తండ్రి ఆర్గాన్ కర్మాగారంలో వాద్యాలకు వాడే గాలి తిత్తులతోనే.

ఏ విమానం కట్టాలి?

కొత్తవారు సెస్నా 172తో మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. 1955లో తొలిసారి ఎగిరిన ఈ నాలుగు సీట్ల విమానాలు ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి. మన దేశంలోనూ ఎందరో విద్యార్థులు దీని మీదే నేర్చుకుంటున్నారు. ఇంజను ఒక్కటే, చక్రాలు లోపలికి ముడుచుకోవు, మనం పెట్టుకోవలసిన స్విచ్‌లు పదీ పన్నెండుకు మించవు. ఎయిర్‌బస్ ఏ320 మీద మనసు పడేవారు చాలామంది ఉంటారు గాని, దాని తలపై ప్యానెల్ ఒక్కటే ఎంత శ్రమ తీసుకుంటుందంటే, మధ్యలోనే ఉత్సాహం సన్నగిల్లి అటకెక్కిన కాక్‌పిట్‌లలో ఎక్కువ భాగం అలాంటివే అయి ఉంటాయని నేను నమ్ముతాను. ఈ వ్యాసం గుండ్రటి డయళ్ళున్న 172ఎస్ నమూనాను ఉద్దేశించినది.

మొదటి దశ: అట్ట మీద నమూనా

సామాను కొనడానికి ముందు ఒక వారం అట్టకు కేటాయించండి. ప్యానెల్‌కు ఎదురుగా, తిన్నగా నిలబడి తీసిన ఫొటోను సంపాదించండి. అందులోని ప్రధాన డయళ్ళకు వాడే రంధ్రం 3⅛ అంగుళాలు, అంటే సుమారు 79 మిల్లీమీటర్లు. చిన్న విమానాల్లో ఇది స్థిరపడిన కొలత. ఫొటోలోని డయలు రంధ్రం కాగితం మీద సరిగ్గా ఆ కొలతకు వచ్చేవరకు పెంచి ముద్రిస్తే, మిగతా కొలతలన్నీ వాటంతటవే నిజ పరిమాణానికి వచ్చేస్తాయి. ఆ కాగితాలను అట్టకు అంటించి, బల్లకు ఆనించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోండి. మోకాళ్ళు ప్యానెల్ అడుగుకు తగులుతున్నాయా, భుజం ముందుకు వంచకుండా చెయ్యి ఇంజను శక్తిని మార్చే థ్రాటిల్‌కు అందుతోందా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. 172 లోపలి వెడల్పు మొత్తం సుమారు ఒక మీటరు; గదిలో చోటు తక్కువైతే పైలట్ కూర్చునే ఎడమ సగం, దానితోపాటు థ్రాటిల్ ఉన్న మధ్య భాగం కడితే సరిపోతుంది.

రెండవ దశ: ప్యానెల్

డయళ్ళ భాగానికి 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలక చాలు. దానికి 80 మిల్లీమీటర్ల హోల్ సా బిట్‌తో రంధ్రాలు చేయించి, అంచులను ఉప్పుకాగితంతో రుద్ది, మెరుపు లేని బూడిద రంగు వేయండి. స్విచ్‌ల పట్టీకి మాత్రం ఎండీఎఫ్ వద్దు. చిన్న టాగుల్ స్విచ్ మరమెడ పొట్టిగా ఉంటుంది. మందమైన పలకలో దూర్చితే నట్టు బిగించడానికి మర మిగలదు. 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటులో 6 మిల్లీమీటర్ల రంధ్రాలు చేస్తే స్విచ్ గట్టిగా కూర్చుంటుంది.

మూడవ దశ: స్విచ్‌లు

కాక్‌పిట్‌కు ప్రాణం వచ్చేది ఇక్కడే కాబట్టి ఈ దశలో తొందర పనికిరాదు. స్విచ్‌లను వీలైతే దుకాణంలో చేత్తో తాకి చూసి కొనండి. హైదరాబాద్‌వారికి కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైవారికి రిచీ స్ట్రీట్, బెంగళూరువారికి ఎస్పీ రోడ్డు అందుకు అనువైన చోట్లు. వేలితో నెట్టగానే మీట టక్కున పడాలి. మధ్యలో ఆగేది, వదులుగా ఊగేది తీసుకోవద్దు.

కావలసినవి ఇవి: బ్యాటరీకి, ఆల్టర్నేటర్‌కు రెండు భాగాలుగా ఉండే ఎర్రటి మాస్టర్ స్విచ్, ఇంధన పంపు, మెరిసే హెచ్చరిక దీపం బీకన్, ల్యాండింగ్ లైటు, టాక్సీ లైటు, నావిగేషన్ లైట్లు, మిణుకుమనే స్ట్రోబ్ లైటు, వేగం కొలిచే గొట్టాన్ని వేడిచేసే పిటో హీట్‌లకు ఏడు స్విచ్‌లు, రేడియో వంటి ఎలక్ట్రానిక్ పరికరాలకు, అంటే ఏవియానిక్స్‌కు రెండు, ఆఫ్, కుడి, ఎడమ, రెండూ, స్టార్ట్ అనే ఐదు స్థానాలతో తిరిగే ఇగ్నిషన్.

వీటన్నిటినీ కంప్యూటర్‌కు కలపడానికి ఆర్డుయినో మెగా 2560 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి చాలు. దానికి 54 డిజిటల్ పిన్నులు, 16 అనలాగ్ పిన్నులు ఉంటాయి. ప్రోగ్రామింగ్ రానివారు మొబీఫ్లైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వాడవచ్చు. అది ఎక్స్-ప్లేన్, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అనే రెండు సిమ్యులేటర్లతోనూ పనిచేస్తుంది, బోర్డులోకి కావలసిన ప్రోగ్రామును తానే ఎక్కిస్తుంది.

తీగలు కలిపే పద్ధతి తేలికే. ప్రతి స్విచ్‌కు ఒక కాలును బోర్డులోని ఒక పిన్నుకు, రెండవ కాలును అన్నిటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ తీగకు సోల్డర్ చేయాలి. స్విచ్ తెరిచి ఉన్నప్పుడు పిన్ను స్థితిని నిలకడగా ఉంచే పుల్-అప్ రెసిస్టర్లు చిప్ లోపలే ఉంటాయి కాబట్టి విడిగా పెట్టనక్కరలేదు. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోండి. సాధారణ టాగుల్‌లో మీట పైకి ఉన్నప్పుడు మధ్య కాలు కలిసేది కింది కాలుతో. కనుక పైకి వేస్తే ఆన్ కావాలంటే గ్రౌండ్ తీగ కింది కాలుకు వెళ్ళాలి. రెండవది, మనం ప్యానెల్‌ను ముందు నుంచి గీస్తాం గాని తీగలు కలిపేది వెనక నుంచి, అక్కడ కుడి ఎడమలు తారుమారవుతాయి. నేను మొదటి పట్టీకి తీగలన్నీ ఒకే రాత్రి సోల్డర్ చేసి, పొద్దున పిటో హీట్ వేస్తే ఇంధన పంపు మోగడం చూసి మొత్తం ఊడదీయవలసి వచ్చింది. పలక వెనకవైపే ప్రతి రంధ్రం పక్కన పేరు, పిన్ను సంఖ్య మార్కర్‌తో రాసుకోండి. మూడు స్విచ్‌లు కలపగానే ఆగి, సిమ్యులేటర్‌లో పరీక్షించి, ఆ తరువాతే నాలుగోదానికి వెళ్ళండి.

మొబీఫ్లైట్‌లో ఆదేశం ఇచ్చేటప్పుడు ఒక్క మెలిక ఉంది. ఉన్న స్థితిని తిరగేసే టాగుల్ ఆదేశాన్ని ఎంచుకోవద్దు. ఒకసారి లెక్క తప్పిందంటే ఆ తరువాత మీట పైకి ఉన్నా లైటు ఆరిపోయి ఉంటుంది, చేతికి తప్పుడు అలవాటు పడుతుంది. స్విచ్ మూసుకున్నప్పుడు 'ఆన్', తెరుచుకున్నప్పుడు 'ఆఫ్' అని రెండు వేర్వేరు ఆదేశాలు ఇవ్వండి. విమానాన్ని లోడ్ చేయడానికి ముందు స్విచ్‌లన్నీ కిందికి దించి, ఇంజను ఆపి ఉన్న స్థితి నుంచే ప్రతిసారీ మొదలుపెట్టండి.

నాలుగవ దశ: డయళ్ళు

ఆరు ప్రధాన డయళ్ళనూ మోటార్లతోనే కదిలించాలని పట్టుపట్టవద్దు. కృత్రిమ క్షితిజాన్ని చూపే యాటిట్యూడ్ ఇండికేటర్‌లో రెండు కదలికలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి; దాన్ని ఇంట్లో తయారుచేయడం చాలా కష్టం. మధ్య వరుస, కుడి వరుసల వెనక ఒక పాత మానిటర్ బిగించి, ఎయిర్ మేనేజర్ వంటి సాఫ్ట్‌వేర్‌తో రంధ్రాలకు సరిపడేలా డయళ్ళ బొమ్మలు చూపించడం మేలు. యాటిట్యూడ్, దిక్కు చూపే హెడింగ్, ఎత్తు చూపే ఆల్టిమీటర్, ఎక్కే దిగే వేగం చూపే వర్టికల్ స్పీడ్ నాలుగూ అలా కుదురుతాయి. ఆల్టిమీటర్ కింద గాలి పీడనం సరిచేసే గుండీకి మాత్రం ఎంత తిప్పామో బోర్డుకు తెలిపే నిజమైన రోటరీ ఎన్‌కోడర్ పెట్టండి. 1013 హెక్టోపాస్కల్స్‌ను వేళ్ళతో తిప్పి పెట్టడంలోని తృప్తి తెర మీద రాదు.

ఎడమ వరుసలో పైన ఉండే ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్‌కు, ఇంధనం, ఆయిల్ చూపే చిన్న డయళ్ళకు ఎక్స్27.168 అనే చిన్న స్టెపర్ మోటారు వాడండి. కార్ల డ్యాష్‌బోర్డుల్లో ముల్లును తిప్పేది ఈ కోవ మోటారే. ఇది 315 డిగ్రీల వరకు తిరుగుతుంది, ఒక్కో స్టెప్ డిగ్రీలో మూడో వంతు. చివర ఆపు ఉంటుంది కాబట్టి మొదలైనప్పుడల్లా వెనక్కి తిరిగి సున్నాను తానే వెతుక్కుంటుంది. ఆల్టిమీటర్ పెద్ద ముల్లు వెయ్యి అడుగుల ఎత్తుకు ఒక పూర్తి చుట్టు తిరగాలి కాబట్టి ఆ పనికి ఈ మోటారు చాలదు. తీసుకునే కరెంటు 20 మిల్లీయాంపులకు మించదు కాబట్టి నాలుగు తీగలనూ ఆర్డుయినో పిన్నులకే కలపవచ్చు. అయితే మోటారు చుట్టల నుంచి వెనక్కి తన్నే వోల్టేజి బోర్డుకు తగలకుండా డయోడ్లు పెట్టడం క్షేమం.

ఎయిర్‌స్పీడ్ డయలు మీద గీతల మధ్య దూరం అంతటా ఒకేలా ఉండదు. 172ఎస్‌లో తెల్ల చాపం 40 నుంచి 85 నాట్ల (విమాన వేగపు కొలమానం) వరకు, ఆకుపచ్చ చాపం 48 నుంచి 129 వరకు, పసుపు 129 నుంచి 163 వరకు ఉంటాయి. 163 దగ్గర ఎర్ర గీత. ముల్లును ఒక్కో గీత మీదికి చేత్తో కాక, మొబీఫ్లైట్ నుంచి విలువలు పంపుతూ తెచ్చి, ఏ నాట్‌కు ఎన్ని స్టెప్‌లో కాగితం మీద రాసుకుని, ఆ జతలను మధ్య విలువలను లెక్కకట్టే ఇంటర్‌పొలేషన్ పట్టికలో నింపండి. 40 నుంచి 90 వరకు ప్రతి ఐదు నాట్లకూ ఒక జత ఇవ్వండి, ఎందుకంటే రన్‌వే వదిలే 55 నాట్లయినా, ఇంజను ఆగితే గ్లైడ్ చేయవలసిన 68 నాట్లయినా అక్కడే ఉంటాయి. ఆ పైన ఇరవయ్యికి ఒకటి చాలు.

ఐదవ దశ: యోక్, థ్రాటిల్

విమానాన్ని నడిపే చేతి చక్రం యోక్, పెడళ్ళు తయారైనవి కొనుక్కోవడమే మంచిది. సమయం స్విచ్‌ల మీద పెట్టండి. లాగి నెట్టే థ్రాటిల్, ఇంధనం, గాలి పాళ్ళు మార్చే ఎర్ర గుండీ మిక్స్‌చర్ మాత్రం 10 కిలోఓమ్‌ల స్లైడ్ పొటెన్షియోమీటర్లతో ఇంట్లో చేసుకోవచ్చు. దాని మీద 'బి' అక్షరం ఉన్నదే కొనండి. 'ఏ' అని ఉంటే అది ధ్వని నియంత్రణకు ఉద్దేశించినది, సగం లాగినా ఇంజను సగానికి తగ్గదు.

ఆరవ దశ: విద్యుత్తు

ప్యానెల్ దీపాలకు, సర్వోలనే చిన్న మోటార్లు వాడితే వాటికి కరెంటు ఆర్డుయినో నుంచి తీయవద్దు. యూఎస్‌బీ నుంచి వచ్చేది చాలక బోర్డు మాటిమాటికీ రీసెట్ అవుతుంది. విడిగా 5 వోల్టుల అడాప్టర్ పెట్టి, దాని గ్రౌండ్‌ను ఆర్డుయినో గ్రౌండ్‌తో తప్పక కలపండి. ఆ ఒక్క తీగ మరిచిపోతే సర్వోకు సంకేతం సరిగ్గా అందక అది కారణం లేకుండా వణుకుతూ ఉంటుంది.

ఏడవ దశ: పరీక్ష

దీని మీద నడిపిన గంటలు లైసెన్సు లెక్కలోకి రావు. అందుకు మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన సిమ్యులేటర్లే కావాలి. అయినా స్టార్ట్ చెక్‌లిస్ట్‌ను చేతికి నేర్పడానికి ఇది చక్కగా ఉపయోగపడుతుంది. కళ్ళు మూసుకుని, ఇంట్లో ఎవరినైనా చెక్‌లిస్ట్ పైకి చదవమనండి: మాస్టర్, బీకన్, ఇంధన పంపు, ఇగ్నిషన్. వారు చదివిన స్విచ్ మీదికి మీ వేలు తడుముకోకుండా వెళ్ళిందో లేదో వారినే చూడమనండి. వేలు ప్రతిసారీ ఒకే స్విచ్ దగ్గర తప్పుతుంటే అట్ట నమూనాను మళ్ళీ పక్కన పెట్టి ఆ రంధ్రాన్ని కొలవండి. యాక్రిలిక్ పట్టీని మరోసారి కోయడానికి ఒక పూట చాలు.