బండి చైను, స్ప్రాకెట్ల సెట్టు మార్చే పద్ధతి

తిరుపతిలో తిరిగే బండి చైనుకు మైదాన ప్రాంతపు బండి చైనుకన్నా శ్రమ ఎక్కువ. ఇద్దరు కూర్చుని కొండ ఎక్కేటప్పుడు ఇంజిను బలమంతా చైను మీదుగానే వెనక చక్రానికి చేరుతుంది; 1944లో ప్రారంభమైన పాత ఘాట్ రోడ్డు మలుపుల్లో గేరులో ఉంచి దిగేటప్పుడు, ఇంజిను చక్రాన్ని పట్టి ఉంచేదీ ఆ చైనుతోనే. భాకరాపేట, మొగిలి ఘాట్లలో తిరిగేవారికీ ఇది వర్తిస్తుంది. అరిగిన చైనుతో ఘాట్ దిగడం ప్రమాదకరం. తెగిన చైను చుట్టుకుంటే వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోవచ్చు.

చైను తిరిగే పళ్ళ చక్రాలే స్ప్రాకెట్లు: చిన్నది ఇంజిను దగ్గర, పెద్దది వెనక చక్రానికి ఉంటుంది. పెద్ద స్ప్రాకెట్ వెనక అంచు దగ్గర చైనును వేళ్ళతో వెనక్కి లాగి చూడండి. పన్ను సగం వరకూ బయటికి కనిపిస్తే చైను పని అయిపోయినట్టే. కచ్చితంగా తెలియాలంటే కొలవాలి: 428 సైజు చైనులో ఇరవై లింకుల పొడవు కొత్తలో 254 మిల్లీమీటర్లు ఉంటుంది, లాగి పట్టినప్పుడు అది 259కి చేరితే మార్చాలి. పళ్ళు కొక్కేల్లా ఒకవైపు వంగితే కొలవనక్కరలేదు.

చైను ఒక్కటే మార్చి డబ్బు మిగుల్చుకోవాలనుకోవడం నష్టం. సాగిన చైనుకు తగ్గట్టు అరిగిన పళ్ళమీద కొత్త చైను సరిగా కూర్చోదు, త్వరగా పాడవుతుంది. కాబట్టి చైను, చిన్న స్ప్రాకెట్, పెద్ద స్ప్రాకెట్ మూడూ కలిపి మార్చాలి. పళ్ళ సంఖ్య కంపెనీ ఇచ్చినదే ఉంచడం మేలని నా అభిప్రాయం. ముందు 14, వెనక 42 పళ్ళున్న బండికి ముందు 13 వేస్తే నిష్పత్తి 3 నుంచి 3.23కి పెరిగి ఎక్కడం సులువవుతుంది. అయితే హైవేలో అదే వేగానికి ఇంజిను ఎక్కువ తిరగాల్సి వస్తుంది, గేర్‌బాక్సు నుంచి వేగం తీసుకునే మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

ఇంజిను ఆపి, చల్లారాక, బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి చైన్ కవర్, చిన్న స్ప్రాకెట్ మూత విప్పండి. చిన్న స్ప్రాకెట్ బోల్టులను చైను తీయకముందే, బండిని గేరులో పెట్టి వెనక బ్రేకు తొక్కి పట్టుకుని వదులు చేసుకోవాలి. చైను తీశాక చిన్న స్ప్రాకెట్ బోల్టుతోపాటే తిరుగుతుంది. తర్వాత చైన్ లాక్ (చైను రెండు కొసలను కలిపే లింకు) విప్పి చైను, చక్రం తీసి, పెద్ద స్ప్రాకెట్ మార్చండి. చక్రం విప్పినప్పుడే హబ్బులోని రబ్బర్లను చూడటం మంచిది. అవి నలిగి ఉంటే గేరు వేసిన ప్రతిసారీ చైనుకు దెబ్బ తగులుతుంది.

కొత్త చైను వేశాక లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైను కదిలే దిశకు, అంటే పై వరుసలో బండి ముందు వైపుకు ఉండాలి. తెరిచిన కొస ముందుకుంటే రాయో, కవరో తగిలి క్లిప్పు ఊడిపోవచ్చు.

ఇక అసలు జాగ్రత్త చూపాల్సింది లూజులో. బిగించిన చైనే మంచి చైనని చాలామంది నమ్ముతారు, అది సరికాదు. ఇద్దరు కూర్చోగానే వెనక షాక్ అబ్జార్బర్లు కుంగి, రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటు లేకపోతే చైను సాగడమే కాక, గేర్‌బాక్సు షాఫ్టు బేరింగు కూడా దెబ్బతింటుంది. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చైను ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో కనిపెట్టి, అక్కడే కింది వరుస మధ్యలో పైకీ కిందికీ కదిపి కొలవండి. మామూలు బళ్ళకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. లూజు సరిచేసే అడ్జస్టర్ల మీది గీతలు రెండు వైపులా సమానంగా ఉన్నాయని చూశాకే యాక్సిల్ నట్టు బిగించాలి. బిగించాక లూజు మళ్ళీ కొలవండి, వెనక బ్రేకు సరిచేయండి.

నూనె వేసేటప్పుడు ఇంజిను నడుస్తూ ఉండకూడదు. వేళ్ళు స్ప్రాకెట్‌లో ఇరుక్కుంటాయి. ఓ-రింగ్ చైనుకు (లింకుల్లో రబ్బరు వలయాలుండే చైను) పెట్రోలు తగలనీయకండి. చైన్ కవరు, చీర గార్డు బిగించకుండా వెనక ఎవరినీ కూర్చోబెట్టవద్దు. కొత్త చైను మొదట్లో కొంత సాగుతుంది కాబట్టి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక లూజును మరోసారి కొలిచి సరిచేయండి.