మూడు సిస్టంలలోనూ తెలుగు ఒత్తులు తెగకుండా ఒక చిట్కా
చీమకుర్తి గ్రానైట్ యార్డులకు క్యూటీతో (Qt, ఒకే కోడుతో పలు సిస్టంలకు ప్రోగ్రాంలు రాసే సాధనం) బిల్లింగ్ ప్రోగ్రాం రాసేవారు, అదే కోడు విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది గదా అని బటన్ల ఎత్తును పిక్సెళ్లలో బిగించకూడదు. విండోస్‌లో నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు అనే ఫాంట్లు ఉంటాయి; లినక్స్‌లో తెలుగు ఫాంటు అసలు ఉంటుందో లేదో కూడా చెప్పలేము కాబట్టి, ఒకచోట నిండుగా కనిపించిన ‘రాళ్ల నిల్వ’ అనే బటన్ పేరు మరొకచోట కింది ఒత్తులు తెగి కనిపించవచ్చు. అందువల్ల, స్వేచ్ఛగా పంచుకోదగిన నోటో సాన్స్ తెలుగు ఫాంటును ప్రోగ్రాంతోపాటే జతచేసి, మొదలయ్యేటప్పుడు క్యూటీలో ఫాంట్లను చూసే క్యూఫాంట్‌డేటాబేస్‌ (QFontDatabase) లోని యాడ్‌అప్లికేషన్‌ఫాంట్‌ (addApplicationFont) ఫంక్షన్‌తో ఎక్కించి, విడ్జెట్లకు (బటన్ల వంటి తెర భాగాలకు) ఆ ఫాంటునే నిర్ణయించి, కొలతలను, విడ్జెట్లను వాటంతట అవే సర్దే క్యూటీ లేఅవుట్లకు వదిలేయడం మేలు.