ఇంటి పిల్లి కడుపుతో ఉంటే: లక్షణం, కారణం, పరిష్కారం

విజయనగరంలోని మా ఇంట్లో పిల్లి రెండు సార్లు ఈనింది. మొదటిసారి అది కడుపుతో ఉందని ఈనడానికి వారం ముందు గానీ మాకు తెలియలేదు. బాగా తిని లావెక్కిందనుకున్నాం.

చనుమొనలు ఉబ్బి గులాబీ రంగుకు తిరిగాయి

జతకట్టిన రెండు మూడు వారాలకు కనిపించే తొలి గుర్తు ఇదే. తొలిచూలు పిల్లిలో మరీ స్పష్టంగా తెలుస్తుంది. పొట్ట తెలిసేది అయిదో వారం నుంచే. జతకట్టిన రోజు తెలిస్తే క్యాలెండరులో గీత పెట్టుకోండి; అక్కడి నుంచి 63 మొదలు 67 రోజుల్లో ఈనుతుంది. ఎన్ని పిల్లలున్నాయో చూద్దామని పొట్ట నొక్కకండి, లోపలి పిల్లలకు ప్రమాదం. కావాలంటే నెల దాటాక స్కానింగ్ చేయించండి.

పొట్ట పెరిగింది, కానీ నీరసంగా ఉంది, నీళ్ళు తెగ తాగుతోంది

ఇది చూలు కాకపోవచ్చు. గర్భసంచిలో చీము పట్టినా పొట్ట ఇలాగే పెరుగుతుంది. చీము బయటికి కనిపించాలని లేదు. రేపు చూద్దామనుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

విరేచనాలు అవుతున్నాయి

నూటికి తొంభై ఇళ్ళలో కారణం మన ప్రేమే అని నా అనుమానం. కడుపుతో ఉన్నదానికి బలమని మా అమ్మ పూటకో గిన్నెడు పాలు పోసేది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. పాలు మానేశాక రెండు రోజుల్లో కుదుటపడింది. ఉప్పు వేసి ఎండబెట్టిన నెత్తళ్ళు కూడా వద్దు. ముళ్ళు తీసిన ఉడికించిన చేప, కోడిమాంసం, గుడ్డు పెట్టండి. పులుసులో ముక్క మాత్రం తీసి పెట్టకండి, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని దెబ్బతీస్తాయి. చివరి వారాల్లో పిల్లికూనల కోసం అమ్మే ప్యాకెట్ తిండి అన్నిటికంటే మేలు. పొట్టలో చోటు తక్కువ కాబట్టి కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టాలి.

బీరువా కింద, అటక మీద వెతుకుతోంది

ఈనే చోటు చూసుకుంటోంది. చీకటి మూలలో అట్టపెట్టె పెట్టి పాత నూలుబట్ట పరవండి. మేము కొత్త తువ్వాలు వేస్తే మా పిల్లి దాన్ని కాలితో పక్కకు లాగేసి, నాన్న పాత పొందూరు ఖద్దరు పంచె మీద పడుకుంది. పంచె దానికే వదిలేశాం.

ముక్కుతోంది, పిల్ల రావడం లేదు

గట్టిగా ముక్కడం మొదలై అరగంటయినా పిల్ల రాకపోతే ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పిల్ల అడ్డం తిరిగి ఉండవచ్చు, లేదా గర్భసంచి అలసిపోయి ఉండవచ్చు. దుర్వాసనతో స్రావం వచ్చినా, రక్తం ఆగకుండా కారినా అంతే. సగం బయటికి వచ్చిన పిల్లను బలంగా లాగవద్దు. ఒక పిల్లకూ మరో పిల్లకూ మధ్య సాధారణంగా పది నిమిషాల నుంచి గంట పడుతుంది. పుట్టినవాటికి పాలిస్తూ, ముక్కకుండా పడుకుంటే అది విశ్రాంతి, కంగారు వద్దు. జిల్లాలో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఊళ్ళో పశువైద్యశాల ఉంటుంది. రాత్రిపూట ఎవరు చూస్తారో తొమ్మిదో వారానికి ముందే అడిగి ఉంచుకోండి.

కూనలను నోట కరుచుకుని తిప్పుతోంది

పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. చప్పుడు, చీమలు, చూడవచ్చే చుట్టాలు, ఏదైనా కారణం కావచ్చు. మా ఊరి జాతర సిరిమానోత్సవం డప్పులకు మా పిల్లి ఒక్క రోజులో మూడు చోట్లు మార్చింది. పెట్టెను వెనక గదిలోకి మార్చి తలుపు మూశాక కుదురుకుంది.

పాలిచ్చే తల్లి వణుకుతోంది, బిగుసుకుని తూలుతోంది

రక్తంలో కాల్షియం పడిపోయింది. ఇంట్లోని సిరప్పుతో పని కాదు. కూనలను విడదీసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఒళ్ళు కాలుతోందని పారాసిటమాల్ అసలే ఇవ్వకండి, ఒక్క మాత్రకే పిల్లి చనిపోవచ్చు.

పాలు మాన్పించకముందే మళ్ళీ అరుస్తోంది

ఎదకొచ్చింది. పాలిస్తున్నంత కాలం చూలు రాదనుకోవడం పొరపాటు, మా ఇంట్లో రెండో ఈత అలా వచ్చిందే. తలుపులు వేసి ఉంచండి. కూనలు పాలు మానాక, అంటే సుమారు ఎనిమిది వారాలకు, తల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి.